క్లాన్ వార్ నడపడం నేర్చుకుందాం – పాఠం 4: మొదటి అటాక్, రెండో అటాక్

ఇది క్లాష్ ఆఫ్ క్లాన్స్ మొబైల్ గేమ్ గురించి. క్లాన్ అంటే కలిసి ఆడే ఆటగాళ్ళ జట్టు, వార్ అంటే రెండు క్లాన్‌లు ఒకరి బేస్‌ల (ఊళ్ళ) మీద ఒకరు అటాక్ చేయడం. పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నతో మొదలుపెడదాం. క్లాన్‌లో సగానికి పైగా హైదరాబాద్, విజయవాడ వైపు వాళ్ళు. కొందరు దుబాయ్‌లో, ఇంకొందరు డాలస్‌లో ఉన్నారు. అందరికీ ఉద్యోగాలో చదువులో ఉన్నాయి. మరి వార్ సెర్చ్ (పోటీకి అవతలి క్లాన్‌ని వెతికే బటన్) ఎప్పుడు నొక్కాలి?

మన టైమ్ ప్రకారం శుక్రవారం రాత్రి 10 గంటలకు. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ప్రిపరేషన్ డే (తయారీ) 23 గంటలు, బ్యాటిల్ డే (అటాక్‌లు చేసే సమయం) 24 గంటలు. శుక్రవారం రాత్రి 10కి జోడీ దొరికితే శనివారం రాత్రి 9కి యుద్ధం మొదలై ఆదివారం రాత్రి 9కి ముగుస్తుంది. అప్పటికి దుబాయ్‌లో ఏడున్నర. డాలస్‌లో చలికాలమైతే ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర, వేసవిలో పదిన్నర. మన దగ్గర అందరూ పడుకున్న వేళ డాలస్ వాళ్ళకు శనివారం పగలు. ఇక్కడ ఆదివారమంతా సెలవు. ఎవరి వంతు వాళ్ళు ప్రశాంతంగా ఆడుకోవచ్చు. సెర్చ్‌లో జోడీ వెంటనే దొరక్కపోవచ్చు కాబట్టి కాస్త ముందే నొక్కినా తప్పులేదు. వారం మధ్యలో, మధ్యాహ్నం ముగిసేలా వార్ పెట్టి "ఎవరూ అటాక్ చేయట్లేదు" అని బాధపడే లీడర్లను చాలామందిని చూశాను. అక్కడ తప్పు సభ్యులది కాదు, గడియారానిది.

30 అటాక్‌లు, 15 బేస్‌లు

ఈ పాఠమంతా 15 మందికి 15 మంది వార్ అనుకుని చదవండి. మామూలు వార్‌లో ఒక్కొక్కరికి రెండు అటాక్‌లు, అంటే మొత్తం 30. ఒక్కో బేస్‌కి గరిష్ఠంగా మూడు స్టార్లు కాబట్టి మొత్తం 45. బేస్‌లో సగం కూలిస్తే ఒక స్టార్, టౌన్ హాల్ (బేస్‌లోని ప్రధాన భవనం) కూలిస్తే ఒకటి, నూటికి నూరు శాతం కూలిస్తే మూడోది. ఒక బేస్‌ని ఎంతమంది కొట్టినా అందులో బాగా వచ్చిన ఒక్క అటాకే లెక్కలోకి వస్తుంది. ఒకే మనిషి ఒకే బేస్‌ని రెండుసార్లు కొట్టడం కుదరదు. చివరి గంటల్లో ప్లాన్ తలకిందులయ్యేది చాలాసార్లు ఈ చివరి నిబంధన మరిచిపోవడం వల్లే.

ఇప్పుడు లెక్క చూడండి. సగటున ఒక్కో బేస్‌కి రెండు అటాక్‌లు వస్తున్నాయి. మొదటివాడు వెళ్ళేసరికి ఆ బేస్‌లో ట్రాప్స్ (కనపడని ఉచ్చులు) ఎక్కడున్నాయో, టెస్లాలు (దాగి ఉండి లేచి కొట్టే ఆయుధాలు) ఎక్కడ దాచారో, క్లాన్ కాజిల్‌లో (కాపలా సైన్యం ఉండే కోటలో) ఏ ట్రూప్స్ ఉన్నాయో ఏమీ తెలియదు. రెండోవాడు వెళ్ళేసరికి రీప్లే (మొదటి అటాక్ రికార్డింగ్) ఉంటుంది. పైగా ప్రతి అటాక్‌కీ ఆ ట్రాప్స్, ఆ కాజిల్ ట్రూప్స్ మళ్ళీ తయారుగా ఉంటాయి. మొదటివాడికి ఎదురైనవే రెండోవాడికీ అదే చోట ఎదురవుతాయి.

కాబట్టి మొదటి అటాక్ స్టార్లే కాదు, సమాచారం కూడా తెస్తుంది. ఆ సమాచారం రెండోవాడికి అందేలా చూడటమే లీడర్ అసలు పని. మంచి ఆటగాళ్ళున్న క్లాన్‌లు కూడా ఓడిపోతున్నాయంటే, చాలావరకు ఇక్కడే దెబ్బ తింటున్నాయి. పదిహేను మంది విడివిడిగా పదిహేను యుద్ధాలు చేసి వస్తారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరదు.

మిర్రర్ పద్ధతి సంగతి. వార్ మ్యాప్‌లో రెండు వైపులా బలాన్ని బట్టి నంబర్లుంటాయి, 1 అందరికంటే బలమైనది. 5వ నంబర్ వాళ్ళు అవతలి 5ని, 6 వాళ్ళు 6ని కొట్టడం. కొత్త క్లాన్‌కి ఇది మంచిదే, గొడవలు ఉండవు. కానీ రెండు వైపులా టౌన్ హాల్ లెవెల్స్ సమానంగా ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. అవతల మొదటి నలుగురూ మన మొదటి నలుగురికంటే ఒక లెవెల్ పైనుంటే, మిర్రర్ పేరుతో మన బలమైన అటాక్‌లన్నీ ఒక్కో స్టార్‌కి ఖర్చయిపోతాయి. నేనైతే మొదటి అటాక్‌కి మాత్రమే మిర్రర్‌ని మొదటి ప్రతిపాదనగా పెట్టి, మ్యాప్ చూశాక మారుస్తాను. రెండో అటాక్‌కి మిర్రర్ అనే మాటే వద్దు.

వరుస ఇలా పెట్టండి. పై నంబర్ల మీద మొదటి అటాక్‌లు బ్యాటిల్ డే మొదటి భాగంలోనే అయిపోవాలి. అక్కడే రీప్లే అవసరం ఎక్కువ, అది చదివి తిరిగి ప్లాన్ చేయడానికి టైమ్ కావాలి. కింది నంబర్ల వాళ్ళు కూడా మొదటిది తొందరగానే కొట్టేయొచ్చు. రెండో అటాక్ మాత్రం ఎవరికి వాళ్ళు వెళ్ళకూడదు, లీడర్ చెప్పేదాకా ఆగాలి. ఈ ఒక్క మాట క్లాన్ మెయిల్‌లో ప్రతి వార్‌కీ పంపండి. విసుగనిపించినా పంపండి.

రీప్లే చదవడం

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. చాలామంది లీడర్లు స్టార్లు, శాతం చూసి "అయ్యో, మిస్ అయింది" అని వదిలేస్తారు.

రెండు అటాక్‌లు తీసుకోండి. ఒకటి 98 శాతం, రెండు స్టార్లు. ఇంకొకటి 62 శాతం, రెండు స్టార్లు. స్టార్లు సమానమే, అర్థాలు వేరు. 98 వచ్చిన చోట ప్లాన్ సరైనదే. మూడు నిమిషాల టైమ్ అయిపోయి ఉంటుంది, లేదా ఏ మూలనో ఒక బిల్డర్ హట్ మిగిలిపోయి ఉంటుంది. రెండోవాడికి అదే వైపు నుంచి, అదే సైన్యంతో వెళ్ళమని చెప్పి, మూలలు ఊడ్చడానికి నాలుగు ట్రూప్స్ చేతిలో దాచుకోమంటే చాలు. 62 వచ్చిన చోట ప్లానే విరిగింది. రీప్లేలో ఏ క్షణంలో విరిగిందో పట్టుకోవాలి. క్వీన్ (మన హీరో) పోయిన క్షణమా, కాజిల్ ట్రూప్స్ బయటికొచ్చి హీలర్స్‌ని (మనవాళ్ళను నయం చేసే ట్రూప్స్‌ని) కొట్టిన క్షణమా, ట్రూప్స్ లోపలికి పోకుండా బయటే చుట్టూ తిరగడం మొదలైన క్షణమా? అది దొరికితేనే రెండోవాడికి పనికొచ్చే మాట చెప్పగలం.

ఇంకో ముఖ్యమైన విషయం, దీన్ని పెద్ద క్లాన్‌లలో కూడా పట్టించుకోరు. డ్రాగన్స్‌తో, బెలూన్స్‌తో వెళ్ళిన అటాక్ గాలి ట్రాప్స్‌నే బయటపెడుతుంది, అంటే ఎయిర్ బాంబ్స్, సీకింగ్ ఎయిర్ మైన్స్. నేల మీద నడిచే ట్రూప్స్ తగిలితేనే పేలే జెయింట్ బాంబ్స్, స్ప్రింగ్ ట్రాప్స్ ఆ రీప్లేలో కనిపించవు. ఆ రీప్లే చూసి "ట్రాప్స్ అన్నీ తెలిసిపోయాయి" అనుకుని నేల మీద వెళ్ళే హాగ్ రైడర్స్‌తో వెళ్తే రెండో అటాక్ కూడా కళ్ళు మూసుకుని చేసినట్టే. అందుకే రెండోవాణ్ణి ఎంచేటప్పుడు బలం ఒక్కటే చూడకండి. మొదటిది గాలి అటాక్ అయితే, వీలైనంతవరకు రెండోదీ గాలి అటాక్ బాగా వచ్చిన మనిషికే ఇవ్వండి. టెస్లాలు మాత్రం రెండు రకాలకూ లేస్తాయి. ట్రూప్స్ దగ్గరికొస్తే లేస్తాయి, లేదా బేస్ 51 శాతం కూలాక లేస్తాయి.

బాగా కష్టంగా ఉన్న బేస్ ఒకటి ఉంటే, అదే టౌన్ హాల్ లెవెల్ ఉన్న సభ్యుడొకరు దాన్ని చూసి తన దగ్గర అలాగే కట్టి, రీప్లేలో కనిపించిన ట్రాప్స్ కూడా పెట్టి, ఫ్రెండ్లీ ఛాలెంజ్ ఇవ్వొచ్చు. కొట్టబోయేవాళ్ళు అక్కడ ఎన్నిసార్లైనా ప్రాక్టీస్ చేసుకోవచ్చు, వార్ అటాక్ ఖర్చు కాదు. అరగంట ఓపిక కావాలి, అంతే. ప్రతి బేస్‌కీ అక్కర్లేదు.

కాల్ ఎలా ఇవ్వాలి

"7 ఎవరైనా కొట్టండి బ్రో" అంటే ఎవరూ కొట్టరు, లేదా ఇద్దరు ఒకేసారి వెళ్తారు. కాల్ (ఎవరు ఏ బేస్ కొట్టాలో చెప్పే మాట) ఒక మనిషికి, ఒక బేస్‌కి, ఒక టైమ్‌కి ఇవ్వాలి. ఉదాహరణకి ఇలా:

"అన్నా, 7 నంబర్ మీదే, ఇంకెవరూ కొట్టరు. రీప్లే చూడండి, టౌన్ హాల్ పక్కనే రెండు టెస్లాలు లేస్తున్నాయి, కింది వైపు నుంచి మొదలుపెట్టండి. సాయంత్రం 6 లోపు కొట్టండి. కుదరకపోతే 5కే చెప్పండి, వేరేవాళ్ళకి ఇస్తాను."

ఇందులో చివరి వాక్యాన్ని చాలామంది రాయరు. ఆఫీసులో మీటింగ్ పడొచ్చు, ఇంటికి చుట్టాలు రావొచ్చు. కుదరదని చెప్పే దారి ముందే ఇస్తే మొహమాటపడి మాయమైపోరు. టైమ్ దాటితే కాల్ రద్దయినట్టే, మళ్ళీ అడగక్కర్లేదు. ఇది అందరికీ ఒకేలా వర్తించాలి, లీడర్‌తో సహా. మ్యాప్‌లో బేస్ మీద నోట్ రాసే వీలుంది కాబట్టి పేరూ టైమూ అక్కడే పెట్టండి. వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది రాత్రికి వంద మెసేజ్‌ల కింద పడిపోతుంది. మనకు రాత్రయ్యాక ఈ బాధ్యత డాలస్‌లో మెలకువగా ఉన్న కో-లీడర్‌కి అప్పగించండి. ఇద్దరు ఒకేసారి కాల్స్ ఇవ్వకూడదు.

అటాక్ చెడిపోయినవాళ్ళతో గ్రూప్‌లో ఒక్క మాటే అనండి: "రీప్లే పనికొచ్చింది, థ్యాంక్స్." పై లెక్క ప్రకారం అది నిజం కూడా. ఏం తప్పు జరిగిందో విడిగా మాట్లాడుకోవచ్చు. పదిమందిలో చీవాట్లు తిన్న కుర్రాడు తర్వాతి వార్‌కి ఎర్ర షీల్డ్ (వార్‌కి రానని చెప్పే గుర్తు) పెట్టేసుకుంటాడు.

చివరి ఆరు గంటలు

ఒక పరిస్థితి అనుకుందాం. మనకు 38 స్టార్లు, తొమ్మిది అటాక్‌లు మిగిలున్నాయి. వాళ్ళకు 41 స్టార్లు, రెండు అటాక్‌లు ఉన్నాయి. అవతల 1వ బేస్ మీద మనకు ఒక్క స్టారే వచ్చింది. 2, 4, 7, 9, 15 మీద రెండేసి వచ్చాయి. మిగతావన్నీ మూడు. అంటే ఇంకా ఏడు స్టార్లు తీసుకోవచ్చు. మనలో 3, 8 నంబర్ల వాళ్ళకు రెండేసి అటాక్‌లు, 5, 6, 10, 13, 14 వాళ్ళకు ఒక్కోటి ఉన్నాయి.

తొందరలో జరిగేది ఏమిటంటే, 8వ నంబర్ ఆన్‌లైన్‌లో కనిపించగానే "15 తేలిక, వెళ్ళి కొట్టెయ్" అంటారు. స్టార్ వస్తుంది. కానీ ఆ తర్వాత 13, 14 వాళ్ళు కొట్టడానికి ఏం మిగిలింది? వాళ్ళు 7ని, 9ని మూడు స్టార్లు చేయలేరు. ఒక్క తొందరపాటుతో రెండు అటాక్‌లు చచ్చిపోయాయి.

పంపకం కింది నుంచి మొదలుపెట్టాలి. కిందివాళ్ళు కొట్టగలిగేవి తక్కువ, వాటిని ముందు వాళ్ళ పేరు మీద రాయండి. 15 బేస్ 14వ నంబర్‌కి, అది చెడితే 13కి. 9 బేస్ 10వ నంబర్‌కి, చెడితే 8 రెండో అటాక్. 7 బేస్ 8 మొదటి అటాక్. 4 బేస్ 5వ నంబర్‌కి. 6వ నంబర్ 7కో 4కో ఏది చెడితే దానికి రిజర్వ్. 2 బేస్, ఆ తర్వాత 1 బేస్, రెండూ 3వ నంబర్‌వే. ఇదంతా రాసే ముందు, వీళ్ళలో ఎవరైనా ఆ బేస్‌ని ఇదివరకే కొట్టారా అని ఒక్కొక్కరినీ మ్యాప్‌లో చూసుకోవాలి. 3వ నంబర్ ఉదయమే 1ని కొట్టి ఉంటే, ఈ కాగితంలో పైవరస మొత్తం మారిపోతుంది.

అసలు పేర్లవాళ్ళు ముందు, రిజర్వ్ తర్వాత. అవతలివాళ్ళ రెండు అటాక్‌లు ఎలా వస్తాయో చూసి కొడదామని ఆగడంలో అర్థం లేదు. వాళ్ళు కొట్టినా కొట్టకపోయినా మనం కొట్టాల్సిన బేస్‌లు మారవు. 3వ నంబర్‌ని కూడా చివరి పది నిమిషాల దాకా దాచకండి. నెట్ పోవచ్చు, కరెంటు పోవచ్చు. ఆఖరి గంట రిజర్వ్ వాళ్ళకోసమే ఖాళీగా ఉంచాలి.

స్టార్లు సమానమైతే మొత్తం డిస్ట్రక్షన్ శాతం ఎక్కువ ఉన్నవాళ్ళు గెలుస్తారు. అందుకే స్టార్ పెరగదని తెలిసినా, 55 శాతం ఉన్న బేస్‌ని 80కి తీసుకెళ్ళడం ఒక్కోసారి వార్‌నే గెలిపిస్తుంది. ఈ వారం అభ్యాసం దాని మీదే.

అభ్యాసం

10 మందికి 10 మంది వార్. అవతలివాళ్ళ అటాక్‌లు అయిపోయాయి. వాళ్ళకు 27 స్టార్లు, 93 శాతం. మనకు 25 స్టార్లు, 91 శాతం. అవతల మిగిలినవి: 1వ బేస్ ఒక స్టార్, 48 శాతం. 5వది రెండు స్టార్లు, 82 శాతం. 8వది రెండు స్టార్లు, 88 శాతం. 10వది రెండు స్టార్లు, 92 శాతం. మిగతా ఆరూ పూర్తిగా కూలాయి. మనలో 2, 6, 9 నంబర్ల వాళ్ళకు ఒక్కో అటాక్ ఉంది. 10వ బేస్‌ని మొదట కొట్టింది మన 9వ నంబరే. ఎవర్ని దేనికి, ఏ వరుసలో పంపుతారు? ఏ రెండు బేస్‌లు పూర్తి చేస్తే గెలుస్తాం, ఏ రెండు చేస్తే డ్రాతో ఆగిపోతాం? శాతాలు కాగితం మీద కూడి చూడండి, పది బేస్‌ల సగటు అని గుర్తుంచుకోండి.

జవాబు వచ్చే పాఠంలో. అందులో క్లాన్ వార్ లీగ్ మొదలుపెడతాం: ఎనిమిది క్లాన్‌లు, ఏడు యుద్ధాలు, ఒక్కో యుద్ధంలో మనిషికి ఒక్క అటాకే. రెండో అటాకే లేని చోట ఈ పాఠంలో చెప్పినదాంట్లో ఏది నిలుస్తుందో, ఏది మార్చుకోవాలో అక్కడ చూద్దాం.