చిత్రోత్సవాన్ని చదవడం – 3వ పాఠం: ‘ప్రదర్శితమైంది’ అంటే ఎక్కడ?

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. ఏదో ఒక చిత్రోత్సవం పాత కేటలాగు సంపాదించి, కథాసారాంశాలు వదిలేసి మిగిలినదంతా చదవమన్నాను. చేసినవారికి కొంత విసుగు పుట్టి ఉంటుంది, అది సహజమే. ముందుమాటలు, నిబంధనలు, విభాగాల వివరణలు, జ్యూరీ పరిచయాలు, ప్రాయోజకుల పేజీలు ఎవరూ సరదా కోసం చదవరు. కానీ మన సరుకంతా అక్కడే ఉంది. మీడియాను అధ్యయనం చేసే డానియల్ డయాన్ 1997లో అమెరికాలో జరిగే సన్‌డాన్స్ చిత్రోత్సవాన్ని దగ్గరుండి గమనించి, అక్కడ తెరమీది ఉత్సవంతో పాటు కాగితాల మీద మరో ఉత్సవం నడుస్తోందని గుర్తించాడు. మన చదువు ఆ రెండో ఉత్సవం గురించి.

ఈసారి ఒకే ఒక్క వాక్యాన్ని తూచడం నేర్చుకుందాం: “ఈ సినిమా కాన్‌లో ప్రదర్శితమైంది.” ఫ్రాన్స్‌లోని కాన్ ఊళ్లో ఏటా జరిగే చిత్రోత్సవం సంగతి ఇది. పోస్టర్ల మీద, వార్తల్లో, దర్శకుల పరిచయాల్లో ఇది కనిపిస్తూనే ఉంటుంది. అక్కడి నుంచి పరిశోధన వ్యాసాల్లోకి ఎవరూ ఆపకుండా నడిచి వస్తుంది. చాలాసార్లు అది అబద్ధం కాదు, చిక్కంతా అందులోనే ఉంది. అబద్ధమైతే కొట్టేసి ముందుకు పోవచ్చు. ఇది సగం చెప్పి ఊరుకునే వాక్యం.

ముందు అడగవలసింది: ఏ విభాగంలో? కాన్ అంటే ఒక ఇల్లు కాదు, ఒకే వీధిలో ఉన్న కొన్ని ఇళ్లు. ప్రధాన పోటీ ఉంది. 1978లో మొదలైన ‘అన్ సర్టెన్ రిగార్డ్’ ఉంది. ఈ రెండూ ఉత్సవ నిర్వాహకులు స్వయంగా ఎంచేవే. క్రిటిక్స్ వీక్ సంగతి వేరు. దాన్ని 1962 నుంచి ఫ్రెంచి విమర్శకుల సంఘం నడుపుతోంది. డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్‌ను దర్శకుల సంఘం పెట్టింది. 1968 మే నెలలో ఫ్రాన్స్‌ను కుదిపేసిన సమ్మెల మధ్య ఉత్సవం సగంలో ఆగిపోయింది, మరుసటి ఏడే దర్శకులు తమ వేదిక తాము కట్టుకున్నారు. ఈ రెండు వేదికల ఎంపికలో ఉత్సవ కమిటీకి పాత్ర లేదు, ఇక్కడి సినిమాలు ప్రధాన పోటీలో ఇచ్చే అగ్ర బహుమతి పామ్ డి ఓర్‌కు పోటీ పడవు. తొలి సినిమాకు ఇచ్చే కెమెరా డి ఓర్ మాత్రం ఈ గోడలు దాటి వెళుతుంది.

వీటికి తోడు 1959 నుంచి ఫిల్మ్ మార్కెట్ ఉంది. అక్కడ రుసుము కట్టి హాలు తీసుకుంటే ఎవరైనా తమ సినిమాను కొనుగోలుదారులకు చూపించుకోవచ్చు, కళాత్మక ఎంపిక అనేది ఉండదు. అదే ఊరు, అవే తేదీలు, పోస్టరు మీద అదే వాక్యం! మార్కెట్ ప్రదర్శన చిన్నతనమని నేననను. పంపిణీ హక్కుల చరిత్ర రాసేవారికి పోటీ విభాగం కన్నా అదే విలువైన చోటు. ఆ రెండింటినీ ఒకే గంపలో వేయడమే తప్పు. బోధన మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఆ తప్పు చేశాను. నా పట్టికలో ‘ప్రదర్శితం’ అని ఒకే గడి పెట్టి, నెల రోజులు కూర్చుని నింపి, చివరికి ఆ గడి నుంచి ఒక్క నిర్ధారణా తీయలేక మొత్తం మళ్లీ మొదలుపెట్టాను.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది: ఎంచింది ఎవరు? 1946లో జరిగిన తొలి కాన్ ఉత్సవాన్నే తీసుకోండి. ఆ ఏడు అగ్ర బహుమతి గ్రాండ్ ప్రీని 11 సినిమాలు పంచుకున్నాయి. చేతన్ ఆనంద్ తీసిన హిందీ సినిమా ‘నీచా నగర్’ వాటిలో ఒకటి. “గ్రాండ్ ప్రీ గెలిచింది” అనడం ముమ్మాటికీ నిజం, కానీ ఆ 11 సినిమాలూ 11 వేర్వేరు దేశాలవని తెలిశాక వాక్యం బరువు మారుతుంది. యుద్ధం అప్పుడే ముగిసింది, అతిథులెవరినీ నొప్పించని బహుమతి పట్టిక అది. ఆ రోజుల్లో కాన్‌కు సినిమాలను దేశాలే పంపేవి. ఎంపికను ఉత్సవం తన చేతుల్లోకి తీసుకున్నది 1972లో. కాబట్టి 1950ల నాటి సినిమా గురించి “కాన్ ఎంపిక చేసింది” అని రాస్తే క్రియ తప్పినట్టే, దేశం పంపింది. ఈ సవరణతో మీరు తట్టవలసిన తలుపు కూడా మారిపోతుంది. ఆ ఎంపిక వెనుక వాదోపవాదాలు ఫ్రాన్స్‌లో కన్నా సినిమాను పంపిన దేశపు ప్రభుత్వ దస్త్రాల్లో, నిర్మాతల సంఘాల కాగితాల్లో దొరికే అవకాశం ఎక్కువ.

ఇక లేనివాటిని చదవడం. బెర్లిన్ ఉత్సవం 1951లో, ప్రచ్ఛన్నయుద్ధం నడుమ, పశ్చిమ బెర్లిన్‌లో మొదలైంది. సోవియట్ యూనియన్ అందులో తొలిసారి పాల్గొన్నది 1974లో. ఆ మధ్య ఏళ్ల కేటలాగుల్లో సోవియట్ సినిమాలు లేకపోవడాన్ని సినిమాల నాణ్యతతో వివరించబోతే నవ్వులపాలవుతాం. దేశాల సూచీలో ఎవరున్నారో చూశాక, ఎవరు లేరో కూడా మార్జిన్‌లో రాసుకునే అలవాటు చేసుకోండి.

ప్రీమియర్ రకాల గురించి ఇక్కడ ఒక్క మాట చాలు. ప్రపంచ ప్రీమియర్ అంటే ఎక్కడా చూపనిది, అంతర్జాతీయ ప్రీమియర్ అంటే సొంత దేశం దాటి తొలిసారి చూపుతున్నది. తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలన్న పంతం అన్ని ఉత్సవాలకూ లేదు. టొరంటో 1976లో మొదలైనప్పుడు దాని పేరే ‘ఉత్సవాల ఉత్సవం’. ఇతర చోట్ల మెప్పు పొందినవాటిని తెచ్చి చూపడమే దాని ఉద్దేశం.

అభ్యాసం: ప్రచారంలో ఏదైనా చిత్రోత్సవం పేరు చెప్పుకునే ఒక సినిమాను తీసుకోండి. సంవత్సరం, విభాగం, ఆ విభాగాన్ని నడిపే సంస్థ, ఎంపిక పద్ధతి, ప్రీమియర్ రకం, బహుమతి ఉంటే దాన్ని ఎందరు పంచుకున్నారు – ఇవి ఒక వరుసలో నింపండి. ప్రతి గడి పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి. ఆ ఏటి కేటలాగుకే మొదటి పీట. తరువాత ఉత్సవం పాత కాగితాలు దాచిన సొంత భాండాగారం, ఆపైన ఉత్సవం రోజుల్లో వెలువడిన వ్యాపార పత్రికలు. చిత్ర బృందం ప్రకటనను అన్నిటికన్నా చివర చూడండి. దొరకని గడిని ఖాళీగా ఉంచండి. వచ్చే పాఠంలో ఆ వరుసకు ఇంకో గడి కలుపుతాం, ప్రదర్శన సమయం. ఉదయం ఎనిమిదిన్నర ఆటకూ రాత్రి ఆటకూ ప్రేక్షకులు ఒకరు కారు. అందుకని, కేటలాగుతో పాటు ఆ ఏటి షెడ్యూలు కూడా దగ్గర పెట్టుకుని రండి.