అభిప్రాయ సర్వే ఫలితాన్ని ఎలా చదవాలి?

భర్త భార్యను కొట్టడం న్యాయమేనని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ దాదాపు 84 శాతం మహిళలు అభిప్రాయపడ్డారన్న వార్త 2021 నవంబరులో విస్తృతంగా ప్రచారమైంది. దానికి ఆధారం 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. హిమాచల్ ప్రదేశ్‌లో అదే అంకె 15 శాతం లోపు ఉండడంతో తెలుగు మహిళల ఆలోచనా ధోరణిపై తీర్పులు కూడా వెంటనే వెలువడ్డాయి. ఇటువంటి అంకె కనిపించినప్పుడు దేని తరువాత దేనిని పరిశీలించాలో ఈ ఉదాహరణతోనే చూద్దాం.

మొట్టమొదట, అడిగిన ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా చదవాలి. ప్రశ్నను బయటపెట్టని సర్వేను అక్కడితో వదిలివేయడమే మేలని నా అభిప్రాయం. ఈ సర్వేలో కొట్టడం తప్పా, ఒప్పా అని ఒక్క మాటలో అడగలేదు. భర్తకు చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినో పిల్లలనో పట్టించుకోకపోవడం, ఎదురు వాదించడం, శారీరక సంబంధానికి నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, భార్యపై భర్తకు అనుమానం కలగడం, అత్తమామలను గౌరవించకపోవడం అనే 7 సందర్భాలను ఒక్కొక్కటిగా చెప్పి, అప్పుడు కొట్టడం న్యాయమేనా అని అడిగారు. వీటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా ఆ మహిళ 84 శాతంలో చేరిపోతుంది. అంటే ఏడింటికీ తల ఊపినవారూ, అత్తమామల విషయంలో మాత్రమే ఒప్పుకున్నవారూ ఒకే లెక్కలో ఉన్నారు. అందువల్ల సందర్భాల వారీగా ఇచ్చిన పట్టికను తప్పక చూడాలి. దేశం మొత్తం మీద ఎక్కువమంది అంగీకరించిన కారణం అత్తమామల పట్ల అగౌరవమే. అంతమాత్రాన ఈ అంకెను కొట్టిపారేయలేము, ఎందుకంటే ఇవే ప్రశ్నలను అన్ని రాష్ట్రాల్లోనూ అడిగినప్పటికీ తేడా ఇంత పెద్దదిగా వచ్చింది.

తరువాత ఎవరిని అడిగారో చూడాలి. సర్వేలో దేశవ్యాప్తంగా 7 లక్షలకు పైగా మహిళలు పాల్గొన్నా, ఈ ప్రశ్నలను వారిలో లక్షకు పైగా మందినే అడిగారు; వారంతా 15 నుంచి 49 ఏళ్ల లోపువారే. కోడళ్ల మాట వినిపించినంతగా అత్తగార్ల మాట ఇందులో వినిపించదన్నమాట.

ఆపైన, జవాబు ఏ పరిస్థితిలో వచ్చిందో ఆలోచించాలి. ఇంటికి వచ్చి అడిగే అపరిచితురాలికి చాలామంది తమ మనసులోని మాట కంటే నలుగురూ మెచ్చే మాటనే చెబుతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహిళల కంటే పురుషులే తక్కువ శాతంలో కొట్టడాన్ని సమర్థించారు. అది పురుషుల ఉదారతా, లేక ఏ జవాబు మర్యాదగా ఉంటుందో తెలిసిన జాగ్రత్తా అన్నది ఆ అంకె ఒక్కటే తేల్చలేదు.

అభిప్రాయాన్నీ ఆచరణనూ వేరుచేసి చూడడం అన్నిటికంటే ముఖ్యం. ఇదే సర్వేలో కేరళ మహిళల్లో 52 శాతం కొట్టడాన్ని ఏదో ఒక సందర్భంలో సమర్థించగా, భర్త చేతిలో హింసను అనుభవించామని చెప్పినవారు అక్కడ పెళ్లయిన మహిళల్లో 10 శాతం దగ్గరే ఉన్నారు. తెలంగాణలో అలా చెప్పినవారు దాదాపు 37 శాతం.

వీలైతే అదే విషయంపై వేరొక ప్రశ్నను పక్కన పెట్టి చూడండి. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019–20లో దాదాపు 30,000 మంది భారతీయులను అడిగినప్పుడు, రాజకీయ నాయకత్వంలో స్త్రీపురుషులు సమానంగా రాణిస్తారని 55 శాతం అన్నారు. భార్య ఎల్లప్పుడూ భర్త మాట వినాలన్న వాక్యాన్ని మాత్రం దాదాపు 87 శాతం సమర్థించారు. వీటిలో ఏ ఒక్కదానినో పట్టుకుంటే మన సమాజాన్ని పొగడనూవచ్చు, తిట్టనూవచ్చు.

మార్పును అంచనా వేసేటప్పుడు ప్రశ్న మారలేదని నిర్ధారించుకోవాలి. వెయ్యి మందిని అడిగిన సర్వేలో 3 శాతం అటూ ఇటూ తేడా సహజం కనుక, 2 శాతం పెరుగుదలను మార్పుగా లెక్కించనవసరం లేదు. కొట్టడాన్ని సమర్థించే మహిళలు దేశంలో 2015–16లో 52 శాతం ఉండగా, 2019–21 నాటికి 45 శాతానికి తగ్గడం మాత్రం ప్రతిసారీ లక్షకు పైగా మందిని అడిగి తేల్చిన విషయం.

చివరగా, ఫలితాన్ని మీ సొంత వాక్యంలో రాసి చూసుకోండి: ‘తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో దాదాపు 84 శాతం, తమకు చెప్పిన 7 సందర్భాల్లో కనీసం ఒకదానిలో భర్త కొట్టడం న్యాయమేనన్నారు.’