మే లేక్ మీదుగా మౌంట్ హాఫ్‌మన్ ఎక్కాలంటే

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్ అనగానే అందరూ హాఫ్ డోమ్ కొండ ఎక్కే పర్మిట్ లాటరీ గురించే అడుగుతారు. పార్కుకు దాదాపు నడిబొడ్డున ఉన్న మౌంట్ హాఫ్‌మన్‌కు లాటరీ లేదు, పగటిపూట వెళ్లి రావడానికి ట్రెయిల్ పర్మిట్ కూడా అక్కర్లేదు. ఎత్తు సుమారు 10,850 అడుగులు, రానూపోనూ ఆరు మైళ్లు. ఆ "ఆరు మైళ్లే కదా" అన్న ధీమాతోనే చాలామంది సగంలో కూలబడతారు.

అక్కడికి తీసుకెళ్లే టయోగా రోడ్డు నవంబర్ నుంచి మే చివరి దాకా, ఒక్కోసారి జూన్ దాటాక కూడా మూసే ఉంటుంది. జూలై మొదట్లో మంచు, దోమలు తప్పవు. సెప్టెంబర్ అన్నిటికన్నా నయం. దారిలో క్రేన్ ఫ్లాట్ దగ్గర కారుకు పెట్రోల్ నింపుకోండి. పోర్క్యుపైన్ ఫ్లాట్ దాటాక, ఓల్మ్‌స్టెడ్ పాయింట్ ఇంకా రాకముందే, ఎడమవైపు మే లేక్ దారి చీలుతుంది. రెండు మైళ్ల ఇరుకు రోడ్డు. పార్కింగ్ చిన్నది, ఏడున్నరకల్లా అక్కడ ఉండండి. పులిహోర డబ్బా, ఆవకాయే కాదు, టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్ కూడా ఎలుగుబంట్లకు తిండి వాసనే. కారులో వదలకుండా ఇనప లాకర్‌లో పెట్టండి.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి తెల్లవారుజామున బయల్దేరి నేరుగా ఎక్కడం మొదలుపెడితే తలనొప్పి, వాంతులు రావచ్చు. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ముందు రాత్రి ఎత్తైన చోట పడుకుంటే మేలు. లక్షణాలు పెరుగుతుంటే మాత్రలు మింగి ముందుకు పోవద్దు, దిగిపోండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోయండి.

చెరువు దాకా 1.2 మైళ్లు, 500 అడుగుల ఎక్కుడు, పిల్లలూ నడవగలరు. మే లేక్‌లో ఈత నిషేధం.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మిగిలిన రెండు మైళ్లలోపు దూరంలో 1,500 అడుగులు ఎక్కాలి. చెరువు దక్షిణపు గట్టున ఎడమకు తిరగండి. కాసేపటికి బాట రాళ్లలో కలిసిపోతుంది, రాళ్లు పేర్చిన గుర్తులే ఆధారం. ఒక గుర్తు దగ్గర నిలబడి తర్వాతిది కనిపించాకే కదలండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఆపైన విశాలమైన వాలు మైదానం వస్తుంది. రేడియో పరికరాలున్న గుట్టే శిఖరం. చివరి కొన్ని పదుల అడుగులు చేతులతో బండలు పట్టుకుని ఎక్కాలి. నడక కర్రలు సంచికి కట్టేసి, ప్రతి రాయినీ కదిపి చూసి బరువు వేయండి. ఉత్తరం వైపు నిలువు అగాధం, సెల్ఫీ కోసం అంచుకు పోవద్దు. బండలు భయపెడితే కింది మైదానంలోనే ఆగండి. మే లేక్, హాఫ్ డోమ్, క్లౌడ్స్ రెస్ట్ శిఖరం అక్కడి నుంచే కనిపిస్తాయి. పైన మార్మట్లు (పెద్ద ఉడుతల్లాంటి జంతువులు) తిరుగుతుంటాయి, సంచి వదిలితే చెమట ఉప్పు కోసం పట్టీలు కొరికేస్తాయి.

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పిడుగులు పడతాయి. పైన చెట్టుచేమ ఉండదు, అక్కడ ఎత్తైన వస్తువు మీరే. మేఘం గుమ్మటంలా లేస్తుంటే శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగండి. మామూలు రోజైనా పన్నెండుకు దిగడం మొదలెట్టాలి.

దిగేటప్పుడు ఎక్కువమంది జారేది బండల మీద కాదు, బండపై పరుచుకున్న సన్నటి కంకర మీద. అడుగులు చిన్నవిగా వేయండి. చెరువు కింద కనిపిస్తోంది కదా అని తిన్నగా దాని వైపు దిగొద్దు. ఆ తూర్పు ముఖమంతా నిట్టనిలువు కొండ. వచ్చిన గుర్తులే పట్టుకుని దక్షిణంగా చుట్టు తిరిగి రండి.