నిశ్చితార్థపు ఉంగరంలో మీదైన ఒక మాట

పద్నాలుగో సైజు ఉంగరం లోపలి చుట్టుకొలత సుమారు 54 మిల్లీమీటర్లు. పట్టీ వెడల్పు 4 మిల్లీమీటర్లనుకుంటే, జీవితాంతం వేలికి ఉండవలసిన వస్తువులో మీ ఇద్దరికే చెందిన సంగతి ఏదైనా చెప్పుకోవడానికి దొరికే చోటు అంతే. అందులోనూ హాల్‌మార్కు ముద్రకు కొంత వదలాలి. కాబట్టి డిజైన్ల పుస్తకం తిరగేయడానికి ముందే, అంత చిన్న చోటులో ఏ ఒక్క విషయం ఉండాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవడం మంచిది. పేర్లు, తేదీ, జన్మరాశి రాయి, వేలిముద్ర అన్నీ ఒకే ఉంగరంలో ఇరికించమని అడిగేవారున్నారు. అలా చేయించిన ఉంగరం చివరికి గుర్తింపు కార్డులా తయారవుతుందే తప్ప దగ్గరితనం కలిగించదు. ఎవరైనా "ఇదేమిటి?" అని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలిగే సంగతినే ఎంచుకోండి.

ఆ సంగతి అక్షరమే కానక్కరలేదు, బంగారమే కావచ్చు. మన పెళ్ళిళ్ళలో చాలా కుటుంబాలు మంగళసూత్రంలో పుట్టింటివారి పుస్తె ఒకటి, అత్తింటివారి పుస్తె ఒకటి గుచ్చుతాయి. అదే పద్ధతిని ఉంగరాలకూ తీసుకోవచ్చు. అటు అమ్మమ్మ గుండ్ల గొలుసులోని నాలుగు గుండ్లు, ఇటు నాయనమ్మ విరిగిన కమ్మ ఒకటి కలిపి కరిగించి, ఆ ఒకే ముద్ద నుంచి రెండు ఉంగరాలూ చేయిస్తే, పైకి ఏ నగిషీ లేకపోయినా వాటి వెనుక రెండిళ్ళ కథ ఉంటుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. పెద్ద దుకాణంలో "పాత బంగారం మార్పిడి" అంటే మీ గుండ్లకు విలువ కట్టి, వాటికి బదులుగా వేరే బంగారంతో చేసిన వస్తువు ఇవ్వడం. మీ అమ్మమ్మ బంగారం మరెవరి గాజులోకో వెళ్ళిపోతుంది. "ఈ బంగారంతోనే చేయాలి" అని మొదటే స్పష్టంగా చెప్పి, కళ్ళముందు మూసలో కరిగించే ఆచారిగారి దగ్గరికే వెళ్ళండి. కరిగించక ముందు ఒకసారి, కరిగించాక ఒకసారి తూకం వేయించి, తరుగు ఎంతో, మజూరి ఎంతో కాగితం మీద రాయించుకోండి. పాత నగల్లో టంకం ఎక్కువగా ఉంటుంది కనుక, 22 క్యారెట్లని ఇంట్లో అందరూ నమ్మిన బంగారం కరిగించాక 916 చూపించకపోవచ్చు. అప్పుడు మేలిమి బంగారం కొంత కలిపి సరిచేయమనవచ్చు, లేదా 18 క్యారెట్లకు దించమనవచ్చు. రోజూ పెట్టుకునే ఉంగరానికి 18 క్యారెట్లే గట్టిది, చెక్కిన అక్షరం కూడా అందులో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇక పెద్దవారి నగ కరిగించే ముందు ఇంట్లో అందరినీ అడగడం మరిచిపోకండి. పుస్తెల జోలికి మాత్రం వెళ్ళకపోవడమే మేలని నా అభిప్రాయం.

అక్షరమే కావాలనుకునేవారు మాత్రం చాలా జాగ్రత్త పడాలి. ఉంగరం మీద పేరు మనకు కొత్త కాదు, అశోకవనంలో సీతమ్మకు హనుమంతుడు ఇచ్చిన ఉంగరం మీదా రాముడి పేరుంది. కానీ నేటి చెక్కుడు యంత్రాలు, వాటిని నడిపేవారు ఎక్కువగా అలవాటు పడింది ఇంగ్లీషు పొడి అక్షరాలకు. మా చెల్లెలు, ఆమెకు కాబోయే భర్త తమ అమ్మమ్మలిద్దరిదీ ఒకే ఊరని తెలిసి ముచ్చటపడి, ఉంగరాల లోపల "పెనుగంచిప్రోలు" అని చెక్కించమన్నారు. దుకాణంవారు ఆ మాటను వాట్సాప్‌లో పంపమన్నారు, పంపాము. తీరా ఉంగరాలు చేతికొచ్చాక చూస్తే వాళ్ళ సాఫ్ట్‌వేర్ క్రావడిని విడగొట్టి "పెనుగంచిప్ రోలు" అని చెక్కింది. "బంగారపు రోలు చేయించారా, రోకలి ఎక్కడ?" అని మా పిన్ని ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. నేర్చుకున్నదేమిటంటే, తెలుగు మాటను ఎప్పుడూ టైపు చేసిన సందేశంగా పంపకూడదు. అక్షరాలను గీతలుగా మార్చిన ఫైలుగానో, పీడీఎఫ్‌గానో ఇచ్చి, చెక్కే ముందు యంత్రం తెర మీద కనిపించేదాన్ని ఫోటో తీసి పంపమని అడగాలి.

కొలత సంగతి కూడా చూడాలి. 4 మిల్లీమీటర్ల పట్టీలో పైన, కింద అర మిల్లీమీటరు చొప్పున వదిలితే మిగిలేది 3 మిల్లీమీటర్లు. "లక్ష్మి" వంటి మాటకు పైన గుడి, నడుమ అక్షరం, కింద రెండు వత్తులు పట్టాలి కనుక అసలు అక్షరానికి ఒక మిల్లీమీటరుకు మించి దక్కదు. ఆ కొలతలో ద, ధ, థ ల మధ్య తేడా చూపే చుక్కా, పొట్ట కింది గీతా కలిసిపోతాయి. ప, వ, ష లు ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉంటాయి. అందుచేత వత్తులు తక్కువగా ఉన్న చిన్న మాట ఎంచుకోండి, సన్నగా ఒకే మందంతో సాగే అక్షరరూపం తీసుకోండి, వీలైతే ముందుగా ఒక రాగి రేకు మీద అదే కొలతలో చెక్కించి చూడండి. లేజరు గీత సన్నగా వస్తుంది కానీ లోతు తక్కువైతే కొన్నేళ్ళకు అరిగిపోతుంది. చేతి ఉలితో చెక్కినది లోతుగా నిలుస్తుంది, కాకపోతే తెలుగు లిపి మీద చెయ్యి తిరిగిన పనివాడు దొరకాలి. ఏ పద్ధతైనా పట్టీ మందం కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు ఉండేలా చూసుకోండి.

అన్నిటికంటే నాకు నచ్చేది చేతిరాత. తాతగారి పాత ఇన్‌లాండ్ ఉత్తరంలో "ఆశీస్సులు" అన్న ఒక్క మాటను స్కాన్ చేయించి, ఆ వంకరలతో సహా చెక్కించవచ్చు. సిరా పాకని మాటనే ఎంచుకోండి, వాక్యం మొత్తం పెట్టాలన్న ఆశ వదిలేయండి.

రాళ్ళ విషయంలో చెప్పవలసింది కొంచెమే. కెంపు, నీలం గట్టివి, రోజువారీ వాడకాన్ని తట్టుకుంటాయి. పచ్చ పగుళ్ళకు లొంగుతుంది. ముత్యం, పగడం మెత్తనివి కనుక వాటితో ఎంత మంచి జ్ఞాపకం ముడిపడి ఉన్నా ఉంగరం కంటే చెవికమ్మలోనే క్షేమం. కరీంనగర్ వెండి తీగపని అందంగా ఉంటుంది, నిత్యం గిన్నెలు తోమే చేతికి మాత్రం ఆగదు.

వేలి కొలత సాయంత్రం ఇవ్వండి, ఉదయం కంటే అప్పుడు వేలు కాస్త ఉబ్బి ఉంటుంది. వెడల్పు పట్టీ అయితే కాస్త వదులు అవసరం. తరువాత ఎప్పుడైనా సైజు మార్చవలసి వస్తే కంసాలి ఉంగరాన్ని సాధారణంగా అరచేతి వైపునే కోసి అతికిస్తాడు కనుక, లోపలి రాత ఆ చోటుకు రాకుండా పై సగంలోనే ముగిసేలా చూడమని ముందే చెప్పాలి. చుట్టూ ఆగకుండా సాగే తీగ నగిషీ చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఒకసారి కోస్తే అతుకు దాగదు.

హాల్‌మార్కింగ్‌ను 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణంలో అమ్మే నగ మీద హెచ్‌యూఐడీ, అంటే అంకెలు, అక్షరాలు కలిపి మొత్తం ఆరు ఉండే, ఆ నగకే చెందిన గుర్తింపు నంబరు ఉండాలి. 2 గ్రాముల లోపు వాటికి మినహాయింపు ఉంది. ఉంగరానికి ఆ ముద్ర పడేది చాలాసార్లు లోపలి వైపే, అంటే మీ మాటకు పొరుగునే. చెక్కుడు, మెరుగు పనులు ముగిశాక ముద్ర వేయించమని, దానికి చోటు విడిచి మాట రాయమని అడగండి. ఇంటికొచ్చాక భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి, వచ్చిన వివరాలు మీ ఉంగరానివేనా అని సరిచూసుకోండి. మీ సొంత బంగారంతో చేయించుకున్నప్పుడు ముద్ర లేకపోతే, హాల్‌మార్కింగ్ కేంద్రంలో స్వచ్ఛత పరీక్ష చేయించి కాగితం దాచుకోవచ్చు.

ఈ పనులన్నిటికీ ముహూర్తాల కాలంలో నెలన్నరైనా పడుతుంది. మాఘమాసంలో పెళ్ళి పెట్టుకుని సంక్రాంతికి ఆచారిగారి దగ్గరికి వెళితే ఆయన నవ్వి పంపేస్తారు. ఉంగరాలు చేతికొచ్చిన రోజున భూతద్దం పెట్టి అక్షరం అక్షరం చదవండి, వీలైతే తెలుగు బాగా వచ్చిన మూడో మనిషి చేత కూడా చదివించండి. తలంబ్రాలయ్యాక బిందెలో ఉంగరం వేసి తీయించే ఆటకు మాత్రం దీన్ని వాడకండి, గోళ్ళ పెనుగులాటలో రాయి పట్టు సడలవచ్చు. అందుకు ఇంట్లో ఉన్న పాత ఉంగరం చాలు. పెళ్ళి మర్నాడు గోరువెచ్చని సబ్బునీళ్ళలో మెత్తని బ్రష్షుతో లోపలి అక్షరాలను కడగండి, నలుగుపిండీ పసుపూ ఎక్కువగా చేరేది వత్తుల సందుల్లోనే.