పెద్దవాళ్లకు డిగ్రీ జవాబు రాయడం నేర్పించడం ఎలా?

సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) స్టడీ సెంటర్లలో ఆదివారం తరగతులు చెప్పే కౌన్సెలర్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ గదిలో అంగన్‌వాడీ టీచరు, ఆర్టీసీ కండక్టరు, హోంగార్డు, పిల్లల పెళ్లిళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన అమ్మ పక్కపక్కనే కూర్చుంటారు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం. మరి మనం చేస్తున్నదేమిటి? గైడు చేతికిచ్చి ‘ఈ పది ప్రశ్నలు బట్టీ పట్టండి, గట్టెక్కుతారు’ అంటున్నాం. పరీక్ష గట్టెక్కుతారేమో, రాయడం మాత్రం రాదు. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఒక అర్జీ రాయడానికి ఇంకొకరిని వెతుక్కుంటారు.

కావలసినవి కొన్నే. రూళ్ల లాంగ్ నోట్‌బుక్, బాల్‌పెన్ను, మీ చేతిలో ఒక పెన్సిలు. జెల్ పెన్ను వద్దు, అలికిపోతుంది. లైను విడిచి లైను రాయించండి. ఫోన్లో టైపు చేయిస్తే కుదరదు. పరీక్షలో మూడు గంటలు చేత్తోనే రాయాలి, వీళ్లలో చాలామంది చెయ్యి ఏళ్ల తరబడి సంతకానికి మించి కదల్లేదు. గైడు సంచిలోంచి బయటికి రాకూడదు. ఎదుటివాళ్లు మీకంటే చిన్నవాళ్లయినా సరే, ‘మీరు’ అనే పిలవండి.

ముందు ప్రశ్న చదివించండి

‘వివరించండి’ అంటే విషయం చెబితే చాలు. ‘చర్చించండి’ అంటే మంచిచెడ్డలు రెండూ తేల్చాలి. ప్రశ్నలో ఆ క్రియ కింద గీత గీయించండి. దీనికి ఐదు నిమిషాలు చాలు.

తర్వాత నోటితో చెప్పించండి

‘సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అమలును చర్చించండి’ అన్న ప్రశ్న తీసుకుందాం. అంగన్‌వాడీ టీచరుకు ఇది రోజూ చేసే పనే. అయినా పెన్ను పట్టగానే ‘గర్భిణీ స్త్రీలకు పౌష్టికాహారము అందజేయబడుచున్నది’ అని రాసి ఆగిపోతుంది. నోటుబుక్కు మూయించి అడగండి: ‘అమ్మా, భోజనం సెంటర్లోనే ఎందుకు పెడుతున్నారు? సరుకులు ఇంటికి పంపొచ్చు కదా?’

‘ఇంటికిస్తే ఆమెకు దక్కదు సార్. ఇంట్ల అందరు తింటరు. సెంటర్ల కూసోబెట్టి తినిపిస్తేనే కడుపుల పడతది’ అంటుంది.

చర్చ అంటే ఇదే. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు కేంద్రంలోనే ఎందుకు పెడతారో ఆమె మూడు ముక్కల్లో చెప్పేసింది. ఏ గైడూ ఇంత సూటిగా చెప్పదు.

చెప్పింది చెప్పినట్టే రాయించండి

‘ఇప్పుడు అన్నారే, అదే మాట రాయండి’ అనండి. పదిహేను నిమిషాలు ఎవరూ కొట్టివేతలు చేయకూడదు, మీరు తొంగి చూడకూడదు. ‘ఇలా రాస్తే మార్కులు వేస్తారా సార్?’ అని అడుగుతారు. పరీక్ష భాష అంటే ‘చేయబడినది, ఇవ్వబడుచున్నది’ అనే వాళ్ల మనసులో ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్ల కిందటే బళ్లలోకి వాడుక భాష రావాలని పోరాడారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అయినా ‘బడు’ ఇంకా జవాబు పత్రాల్లో తిష్ఠ వేసుకునే ఉంది. ఎవరు చేశారో చెప్పకుండా దాటేయడానికి అది బాగా పనికొస్తుంది కాబట్టి నా తరగతిలో దానికి చోటు లేదు.

మొదటి దిద్దుబాటు: ఇక్కడ తొందరపడొద్దు

చాలా తరగతులు పాడయ్యేది ఇక్కడే. కాగితం అందుకోగానే మన చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెళుతుంది. ఒత్తు లేని చోట ఒక సున్నా, దీర్ఘం తప్పిన చోట ఒక సున్నా, ‘శ’ బదులు ‘స’ పడిన చోట ఇంకొకటి. కాగితం తిరిగి అందుకున్న మనిషి ఏమీ అనరు. నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంటారు. తర్వాతి ఆదివారం రారు. ఫోన్ చేస్తే ‘డ్యూటీ పడింది సార్’ అంటారు. చిన్నప్పుడు బడి మాన్పించింది కూడా ఇలాంటి ఎర్ర సున్నాలే అయి ఉండొచ్చు. ఇరవై ఏళ్ల పిల్లవాడు అలిగినా మళ్లీ వస్తాడు. నలభై ఐదేళ్ల మనిషి ఇంటిపని, ఉద్యోగం సర్దుకుని, పదిమందీ ‘ఈ వయసులో చదువేంటి’ అన్నా పట్టించుకోకుండా వచ్చి కూర్చుంటే, ఆ ధైర్యాన్ని ఒక్క కాగితంతో పోగొట్టకూడదు.

అందుకే మొదటిసారి కాగితం మీ చేతిలోకి తీసుకోవద్దు. పక్కన కూర్చుని వాళ్లచేతే పైకి చదివించండి. చదువుతూ ఎక్కడో తడబడతారు. సగం చిక్కులు అక్కడే ఉంటాయి. ‘అంటే ఏంటమ్మా?’ అని మాత్రం అడగండి. సరైన వాక్యం నోటి నుంచి వస్తుంది, దాన్ని పైన వదిలిన లైనులో రాసుకోమనండి. లైను విడిచి రాయమన్నది ఇందుకే. వాక్యం మీరు అందించకండి. మీరు అందిస్తే అది మీ వాక్యమవుతుంది, రేపు పరీక్ష హాల్లో మీరు పక్కన ఉండరు.

తప్పుల సంగతి రెండో చిత్తుప్రతికి. అప్పుడైనా అన్నీ ఒకేసారి కాదు. రెండు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కొక్కరికీ ఒక తీరు కనిపిస్తుంది. ఒకరు ఒత్తులు వదిలేస్తారు, ఇంకొకరు పేజీ అంతా ఒకే వాక్యంగా లాగుతారు. ఆ వారానికి ఒక్క రకమే పట్టుకోండి, అదీ పెన్సిలుతో, అంచున ఒక చిన్న గీత. గీత ఉన్న లైనులో తప్పు ఎక్కడుందో వాళ్లే వెతుక్కోవాలి.

ఇంకొకటి, ఇది అందరికంటే పెద్ద చదువు చదివినవాళ్లే ఎక్కువ పాడుచేస్తారు. ‘ఇంట్ల’, ‘తింటరు’, ‘పడతది’ తప్పులు కావు. అది ఆ మనిషి భాష. శ్రీకాకుళం మాటైనా, సీమ మాటైనా అంతే. పేపర్లు దిద్దేవాళ్లు అలవాటుపడిన రూపం వేరు కాబట్టి సాపు ప్రతిలో ‘ఇంట్లో’, ‘తింటారు’, ‘పడుతుంది’ అని మార్చుకోమని చెప్పండి. ‘పరీక్షకు ఇలా రాద్దాం’ అనండి. ‘ఇది తప్పు’ అనకండి. ఆ రెండు మాటల మధ్య తేడా వాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు పుస్తకం తెరవండి

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైందని, ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు లబ్ధిదారులని, అనుబంధ పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, వైద్య సేవలకు సిఫారసు, పోషణ ఆరోగ్య విద్య అనే ఆరు సేవలని ఇప్పుడు చేర్పించండి. ముందే ఇస్తే వీటినే దింపేసి ఊరుకుంటారు. ఒక్కో సేవకు తమ సొంత వాక్యం ఒకటి జత చేయాలన్నది షరతు. పిల్లల బరువు తూచి, ఎదుగుదల చూపే గ్రోత్ చార్టులో చుక్క పెట్టే మనిషి దగ్గర వాక్యాలకు కొదవుండదు.

చివరగా చెయ్యి అలవాటు చేయించండి

పరీక్షకు రెండు నెలల ముందు నుంచి రోజూ ఇంట్లో ఒక పేజీ రాయమనండి, ఏ వేళ తీరిక దొరికితే ఆ వేళ. ఆదివారం తరగతిలో గడియారం పెట్టి అరగంటలో ఒక పెద్ద ప్రశ్న రాయించండి. మొదటి ఐదు నిమిషాలు క్రియ కింద గీతకు, పాయింట్లు రాసుకోవడానికి. బొటనవేలు నొప్పి పుడితే పెన్ను బిగించి పట్టుకున్నారని అర్థం, కాస్త వదులుగా పట్టుకోమనండి. చదువు అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చేవాళ్లు ఉంటారు, హాల్‌టికెట్ కవరులోనే పెట్టుకోమని ముందే చెప్పండి.