పన్ను పెరిగిందని అద్దె పెంచితే ఇలా లెక్క చూడండి

విజయవాడలో మాలాంటి అద్దె ఇళ్లవాళ్లకు ఏప్రిల్ వస్తే టెన్షనే. "మున్సిపాలిటీ వాళ్లు ఇంటిపన్ను పెంచారమ్మా, వెయ్యి ఎక్కువివ్వాలి" అంటారు ఓనరు. వెంటనే తలూపకండి. ముందు అసెస్‌మెంట్ నంబరు (ఇంటిపన్ను కోసం ఆ ఇంటికిచ్చే నంబరు) అడగండి. ఇవ్వకపోయినా పర్లేదు, సీడీఎంఏ (రాష్ట్ర మున్సిపల్ శాఖ) వెబ్‌సైట్లో డోర్ నంబరుతో వెతకొచ్చు. ఆరు నెలలకొకటి చొప్పున ఏడాదికి రెండు డిమాండ్లు (కట్టాల్సిన పన్ను మొత్తాలు) కనిపిస్తాయి, రెండూ కలపండి. పాత బకాయిలు, వడ్డీ ఉంటే పక్కన పెట్టేయండి. అవి ఓనరు కట్టకుండా వదిలేసినవి, మనకు సంబంధం లేదు.

2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పన్ను ఇంటి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. ఆ మార్పుతో పాటే, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ఆ 15 శాతం పన్ను మీదే, అద్దె మీద కాదు. ఏడాది పన్ను 6,000 అనుకోండి. పెరిగితే 900, అంటే నెలకు 75 రూపాయలు. అదే ఇంట్లో రెండు వాటాలుంటే మీ వంతు అందులో సగమే.

ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. గొడవగా కాదు, "అంకుల్, పన్ను వరకైతే మా వంతు ఇస్తాం" అనండి. చెత్త పన్ను పేరుతో ఇంకా నెలనెలా తీసుకుంటుంటే అదీ అడగండి, ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఒప్పుకున్న మొత్తాన్ని అగ్రిమెంట్‌లో రాయించుకోండి.