పేపర్లు వెతికే ఏజెంటుకి టూల్ వివరణ రాయడం – 4వ పాఠం: ఐడీ అంకె కాదు

ఈసారి డీఓఐల (పేపర్లకుండే శాశ్వత గుర్తింపుల) గురించి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి జరిగింది. పోయినసారి మీరు రాసి పంపిన సెర్చ్_పేపర్స్ వివరణలు చదివాక ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు. సెర్చ్_పేపర్స్ అంటే ఏజెంటు (టూల్స్ వాడుతూ పని చేసే ఏఐ మోడల్) పేపర్లు వెతకడానికి వాడే టూల్. దాన్నెలా వాడాలో ఏజెంటుకి తెలిసేది మనం రాసే వివరణతోనే.

తప్పు ఎక్కువగా నాదే. "ఆర్కైవ్‌లో పేపర్లు వెతుకుతుంది" అని (ఆర్కైవ్ అంటే పరిశోధన పేపర్లను ఉచితంగా ఉంచే arXiv సైటు) నేనిచ్చిన ఒక్క ముక్కనే చాలామంది అలాగే దించేశారు. ఏజెంటు ఏం చేసిందంటే, వాడేవాళ్ళు అడిగిన ప్రశ్నను పొల్లు పోకుండా క్వెరీలో (వెతికే మాటల చోట) పడేసింది. ఫలితాలు సున్నా. "ఈ విషయం మీద పేపర్లేవీ లేవు" అని నమ్మకంగా చెప్పేసింది. ఒకరి దగ్గరైతే నెట్ పోయి ఖాళీ జాబితా వచ్చినా అదే జవాబు.

కాబట్టి ఆ వివరణను ఇలా మార్చండి: "ఆర్కైవ్ పేపర్లను శీర్షిక, రచయిత, సారాంశంలోని మాటలతో వెతుకుతుంది. క్వెరీలో పూర్తి ప్రశ్న వద్దు, రెండు నుంచి ఐదు ముఖ్యమైన మాటలు చాలు. పేపర్ పూర్తి పాఠం ఇవ్వదు. ఏ పేపర్‌ని ఎవరు ఉదహరించారో దీనికి తెలియదు. ఐడీ తెలిస్తే దీన్ని వాడొద్దు, గెట్_పేపర్ వాడాలి. ఖాళీ జాబితా వస్తే వెతికినా దొరకలేదని, ఎర్రర్ వస్తే అసలు వెతకలేదని అర్థం."

ఆరు వాక్యాల్లో నాలుగింట "వద్దు", "ఇవ్వదు", "తెలియదు", "వాడొద్దు" ఉన్నాయి. నేనైతే వాటినే ముందు రాసుకుంటాను. ఇంకో వాక్యం కూడా కలపండి: ఎన్ని కావాలో చెప్పకపోతే ఆర్కైవ్ ఏపీఐ (ప్రోగ్రాములు ఆర్కైవ్‌ని అడిగే దారి) 10 ఫలితాలే ఇస్తుంది. ఆ మాట లేకపోతే "ఈ రంగంలో మొత్తం పది పేపర్లున్నాయి" అనే ఏజెంట్లను చూశాను. అభ్యర్థనకీ అభ్యర్థనకీ మధ్య మూడు సెకన్లు ఆగాలన్న ఆర్కైవ్ నియమాన్ని మాత్రం వివరణలో పెట్టకండి. ఏజెంటు చేతికి గడియారం లేదు, ఆ పని కోడ్ చూసుకోవాలి.

ఇక గెట్_పేపర్, ఐడీ ఇస్తే ఆ ఒక్క పేపర్‌ని తెచ్చే టూల్. దీనికి ఒకే పారామీటర్ (మనమివ్వాల్సిన విలువ), పేపర్ ఐడీ, అంటే ఆర్కైవ్ ప్రతి పేపర్‌కీ ఇచ్చే గుర్తింపు. మీలో చాలామంది దాని టైప్ (ఆ విలువ ఏ రకందో చెప్పే చోటు) దగ్గర "నంబర్" అని రాశారు. చూడ్డానికి అంకెలా ఉంది నిజమే. మీ డోర్ నంబరు 1-8-20 అయితే అది తీసివేత లెక్క అనుకుని మైనస్ 27వ ఇల్లు వెతుకుతామా?

ఆడమ్ అనే ఆప్టిమైజర్ (ఏఐ మోడళ్ళకి శిక్షణ ఇచ్చేటప్పుడు వాడే పద్ధతి) పేపర్ ఐడీ 1412.6980. దాన్ని నంబరుగా పంపితే జేసన్ (ఏజెంటు టూల్‌కి విలువలు పంపే రాత పద్ధతి) చదివే కోడ్ చివరి సున్నాను మింగేసి 1412.698 చేతిలో పెడుతుంది. అలాంటి ఐడీయే లేదు. ఏజెంటు ఊరుకుంటుందా? సాయం చేద్దామని "ఆడమ్" అని వెతికి, పేరులో ఆ మాట ఉన్న ఇంకేదో పేపర్ సారాంశం తెచ్చిస్తుంది. నాకు సరిగ్గా ఇదే జరిగింది. తప్పు పట్టుకోవడానికి ఒక సాయంత్రం మొత్తం పోయింది, సున్నా పోతుందని ఎవరనుకుంటారు!

ముందు సున్నాదీ అదే కథ. ఇప్పుడున్న ఐడీల పద్ధతి 2007 ఏప్రిల్‌లో మొదలైంది, అందులో మొదటి ఐడీ 0704.0001. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల. ముందు సున్నా ఉన్న నంబరును జేసన్ ఒప్పుకోదు కాబట్టి మోడల్ దాన్ని చెరిపేసి 704.0001 పంపుతుంది. చుక్క తర్వాత 2014 చివరిదాకా నాలుగంకెలు, 2015 జనవరి నుంచి ఐదు. 2007 ఏప్రిల్‌కి ముందు పేపర్లకు హెచ్‌ఈపీ-టీహెచ్/9711200 లాంటి ఐడీలుండేవి. వాటిని నంబరు అనడానికే లేదు. 1706.03762వీ7 అన్నప్పుడు చివర ఉన్న వీ7 ఏడో వెర్షన్. అది తీసేస్తే తాజా వెర్షన్ వస్తుంది.

టైప్ "స్ట్రింగ్" (అక్షరాల వరుస) అని మారిస్తే సరిపోతుందా? సగమే. వివరణలో ఉదాహరణలు కొటేషన్లలో పెట్టండి, ఆ ఉదాహరణలూ సున్నాతో ముగిసేవే ఎంచుకోండి. అందరూ 1706.03762 ఇస్తారు. అది ఏ టైప్‌లోనైనా చెడిపోదు కాబట్టి టెస్టులో పాసవుతుంది, తప్పు బయటపడదు. నేను ప్రతి టూల్‌నీ 1412.6980, 0704.0001, పాత పద్ధతిది ఒకటి, ఈ మూడింటితోనే పరీక్షిస్తాను. నాలుగోది ఎప్పుడూ పెట్టలేదు.

(పేర్లు, ఐడీలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, మీ కోడ్‌లో ఇంగ్లీషులోనే రాయండి.)

అభ్యాసం. రెండు టూల్స్ వివరణలూ కాగితం మీద ప్రింట్ తీయండి. కోడింగ్ రాని మనిషిని, అక్కనో బావనో, కూర్చోబెట్టండి. ఇరవై ప్రశ్నలు రాసివ్వండి. ప్రతిదానికీ ఏ టూల్, ఏ విలువలు అన్నది వాళ్ళు పెన్నుతో రాయాలి. ఆరు ప్రశ్నలు ఈ టూల్స్‌తో అసలు కుదరనివి ఉండాలి, ఉదాహరణకి "ఫలానా పేపర్‌ని ఎంతమంది ఉదహరించారు". మీరు పక్కన కూర్చోండి గానీ నోరు విప్పకండి. వాళ్ళు మిమ్మల్ని అడిగిన ప్రతి సందేహం దగ్గర వివరణలో ఒక వాక్యం చేర్చి, ఇంకో మనిషితో మళ్ళీ మొదట్నుంచి చేయించండి. ఇంట్లో మనుషులు అయిపోతే పక్కింటివాళ్ళని అడగండి.